మిర్చిలో కొనుగోలుదారుకు కావలసిందేమిటి?

గుంటూరు మిర్చి యార్డులో సీజన్ రోజుల్లో తెల్లవారేసరికి టిక్కీలు గుట్టలుగా పడి ఉంటాయి. ఒకే కమీషన్ దుకాణం ముందు, ఒకే ఊరి నుంచి వచ్చిన ఒకే లాటుకు ఇద్దరు ఖరీదుదారులు రెండు రకాలుగా ధర కట్టడం అక్కడ రోజూ జరిగేదే. ఒకరు గుప్పెడు కాయలు తీసి వెలుతురులో పట్టుకుని రంగు చూస్తారు. ఇంకొకరు కాయను విరిచి లోపల చూస్తారు, వాసన పీలుస్తారు. మొదటివారు పెదవి విరిచి వదిలేసిన లాటును రెండోవారు క్వింటాలుకు వంద, రెండు వందలు ఎక్కువ పెట్టి ఎత్తుకుపోతారు. పైకి చూస్తే ఇద్దరిదీ మిర్చి బేరమే. నిజానికి వారు కొంటున్నవి రెండు వేర్వేరు సరుకులు.

ఒకరికి కావలసింది రంగు. ఇంకొకరికి కావలసింది ఘాటు. కాయ ఆ రెండింటినీ మోసుకొచ్చే సంచి మాత్రమే.

వాణిజ్య శాస్త్రం పాఠ్య పుస్తకాలలో అవసరం, కోరిక, గిరాకీ అని మూడు మాటలు విడదీసి చెబుతారు. ఆకలి అవసరం. ఆ ఆకలికి ఆవకాయ అన్నం కావాలనుకోవడం కోరిక. జేబులో డబ్బుతో కొట్టుకు రావడం గిరాకీ. మన వర్తకులలో చాలామంది లెక్క మూడోదాని దగ్గర మొదలై అక్కడే ఆగిపోతున్నది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు థియోడర్ లెవిట్ 1960లో రాసిన ఒక వ్యాసంలో ఈ దోషాన్నే ఎత్తి చూపాడు. తాము చేస్తున్నది రైళ్ల వ్యాపారం అనుకున్నారే గాని ప్రయాణ సౌకర్యం అమ్మే వ్యాపారం అనుకోలేదు గనుక అక్కడి రైల్వే కంపెనీలు దెబ్బతిన్నాయన్నది ఆయన వాదన. రైళ్ల సంగతి అలా ఉంచితే, తాను అమ్ముతున్నది మిరపకాయ అనుకునే వర్తకుడికీ ఆ మాట వర్తిస్తుంది.

పచ్చడికా, కూరలోకా?

ముందుగా చిల్లర బేరం సంగతి చూద్దాం. ఎండాకాలంలో కారం కోసం వచ్చిన గృహిణిని అనుభవం ఉన్న కిరాణా వర్తకుడు మొదట అడిగేది ఎన్ని కిలోలు అని కాదు. 'పచ్చడికా అమ్మా, కూరల్లోకా?' అని. మార్కెటింగు శాఖలు పెట్టుకుని, సర్వేలు చేయించి పెద్ద కంపెనీలు రాబట్టే సమాచారం ఈ ఒక్క ప్రశ్నతో ఆయన చేతికి వచ్చేస్తున్నది.

ఆవకాయకు కొనే ఇల్లాలు ఎర్రని కారం కావాలంటుంది. అది ఆమె కోరిక. ఆమె అసలు అవసరం మాత్రం ఆ ఎరుపు జాడీలో ఏడాది పొడుగునా నిలవడం. కలిపిన రోజు అందరి కారమూ ఎర్రగానే ఉంటుంది. దసరా నాటికి నల్లబడే పచ్చడిని చూసి ఆమె మామిడికాయను తిట్టదు, నూనెను తిట్టదు. కారం అమ్మిన కొట్టునే తిడుతుంది. పైగా పచ్చడిలో కారం పాలు ఎక్కువ గనుక మరీ మండే రకం పనికిరాదు. తేజ కాయ ఆడించి ఇస్తే ఆ ఇంట్లో పిల్లలు జాడీ మొహం చూడరు. కూరల్లోకి వాడే కారం సంగతి వేరు. అక్కడ చెంచాడు వేసేచోట అర చెంచా సరిపోవడమే లాభం. ఒకే గృహిణి, ఒకే వారంలో, ఒకే కొట్టులో రెండు రకాల కొనుగోలుదారు అవుతున్నదన్న మాట.

వరంగల్లు ప్రాంతపు చపాటా మిర్చి ఇందుకు మంచి ఉదాహరణ. టమాటాలాగా బొద్దుగా, ముదురు ఎరుపులో ఉండే ఈ కాయకు ఘాటు బహు తక్కువ. ఘాటునే సరుకుగా లెక్కించేవారికి ఇది నాసిరకం. పచ్చళ్లవారికి, రంగు కోసం కొనేవారికి ఇదే మేలురకం. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. పంట కొరత ఏర్పడిన 2022లో ఏనుమాముల యార్డులో దేశీ మిర్చి క్వింటాలు రూ. 50 వేలు దాటిన సంగతి వర్తకులకు గుర్తుండే ఉంటుంది. కొనేవారు ఆ ధర పెట్టింది కారానికి కాదు.

అంకెల్లో రంగు, ఘాటు

రంగును, ఘాటును వేరు చేసి కొలిచే పద్ధతులు కొత్తవి కావు. అమెరికాలో ఒక మందుల కంపెనీలో పనిచేసిన విల్బర్ స్కోవిల్ 1912లో ఘాటు కొలిచే విధానం కనిపెట్టాడు. మిరప సారాన్ని పంచదార నీటిలో పలచన చేస్తూ పోయి, రుచి చూసేవారికి మంట తెలియకుండా పోయేదాకా ఎన్ని రెట్లు నీరు పట్టిందో లెక్కించడమే ఆ పద్ధతి. ఇప్పుడు నాలుకకు బదులు యంత్రాలు వచ్చాయి గాని స్కోవిల్ పేరు అలాగే నిలిచింది. రంగుకు అమెరికా సుగంధ ద్రవ్యాల వర్తక సంఘం పేరుతో 'ఆస్టా' అనే కొలమానం చెల్లుబాటులో ఉన్నది.

వ్యాపారంలో వాడుకలో ఉన్న లెక్కల ప్రకారం గుంటూరు సన్నం రకానికి ఘాటు సుమారు 35 వేల నుంచి 40 వేల స్కోవిల్ యూనిట్లు. తేజ రకానికి 75 వేల నుంచి లక్ష దాకా చెబుతారు. కర్ణాటకలోని హావేరి జిల్లా బ్యాడగి కాయ ఘాటులో 15 వేలు కూడా దాటదు. కాని రంగులో వందకు పైగా ఆస్టా యూనిట్లతో మన సన్నాన్ని చాలా వెనక్కి నెడుతుంది. మన యార్డులో 'బాడిగ' పేరుతో అమ్ముడయ్యే రకాలకు గిరాకీ ఉన్నది ఈ రంగును బట్టే. లాం ఫారం పరిశోధకులు తయారు చేసిన ఎల్.సి.ఎ. 334 రకం యార్డులో ఉత్త '334'గా మిగిలింది. రంగు, ఘాటు రెండూ మధ్యస్థంగా ఉండడం దాని బలం, బలహీనత కూడా. ఇంటి వాడకానికి, పొడి మిల్లులకు అది సరిగ్గా సరిపోతుంది. రంగు మాత్రమే, లేదా ఘాటు మాత్రమే కావలసినవారు దాన్ని చూసి పక్కకు పోతారు.

ఘాటు గింజలో ఉంటుందని యార్డులో నేటికీ చాలామంది నమ్మకం. అది సరికాదు. గింజలు అంటుకుని ఉండే లోపలి తెల్లని ఈనెలోనే ఘాటు పదార్థం తయారవుతుంది. గింజకు అంటేది అక్కడి నుంచే. రంగు ఉండేది కాయ తోలులో. ఈ చిన్న విషయం తెలిస్తే తాలు కాయ బేరం కూడా వేరుగా కనిపిస్తుంది. తెల్లబడిన కాయలో పోయింది రంగు. ఘాటు మిగిలే ఉంటుంది. అందుకే రంగు ఖరీదుదారు చేత్తో కూడా తాకని తాలుకు యార్డులో ఏదో ఒక ధర పలుకుతూనే ఉన్నది.

నిల్వ లెక్క కూడా ఇక్కడే మారుతున్నది. వేడికి, వెలుతురుకు, గాలికి మొదట తగ్గేది రంగు. ఘాటు అంత త్వరగా తగ్గదు. గుంటూరు చుట్టుపక్కల వందకు పైగా శీతల గిడ్డంగులు ఏర్పడడానికి రైతు ధర కోసం వేచి చూడడం ఒక్కటే కారణం కాదు, రంగును కాపాడడం మరొకటి. ఏసీ కాయకు, బయట గోదాములో ఎండాకాలం గడిపిన కాయకు రంగు ఖరీదుదారు చూసే తేడా ఎంతో, ఘాటు ఖరీదుదారు చూసే తేడా అంత ఉండదు. అటువంటప్పుడు ఏ సరుకుకు గిడ్డంగి అద్దె గిట్టుబాటవుతుందో తేలాలంటే అది చివరికి ఎవరికి చేరుతుందో ముందు తెలియాలి. అన్ని రకాలనూ ఒకే ధోరణిలో గిడ్డంగికి తోలేవారు అద్దెలో కొంత భాగాన్ని ఊరికే చెల్లించుకుంటున్నట్టే.

కాయ అక్కరలేని ఖరీదుదారు

మిరపకాయలను టన్నుల లెక్కన కొని, కాయను మాత్రం ఎవరికీ అమ్మని కొనుగోలుదారులు ఒలియోరెసిన్ కర్మాగారాలవారు. పొడి చేసిన మిర్చి నుంచి ద్రావకాలతో ఘాటును, రంగును పిండి, చిక్కని నూనెలా డబ్బాలకెత్తి అమ్మడం వారి పని. కేరళలో కొచ్చి పరిసరాల్లో ఈ పరిశ్రమ బాగా వేళ్లూనుకున్నది. వీరి సరుకు కొనే ఆహార పరిశ్రమకు కావలసింది ప్రతి ముద్దలోనూ, ప్రతి నెలలోనూ ఒకే రుచి, ఒకే రంగు. మిరపపొడి వాడితే పంట పంటకూ రుచి మారుతుంది. సారం వాడితే మారదు. అంటే వీరు కొనేది మిర్చి అయినా, అమ్ముతున్నది తేడా రాదన్న భరోసా.

ఈ ఖరీదుదారు కాయ మెరుపును చూడడు. పొడుగు, పొట్టి చూడడు. టన్నుకు ఎంత సారం దిగుతుందన్నదే ఆయన లెక్క. అందుకే తొడిమ తీసిన తేజకు ఆయన ఎక్కువ పెడతాడు. తొడిమలో సారం లేదు; దానికి ధర కట్టడం, లారీ బాడుగ కట్టడం, మరలో ఆడించడం అన్నీ దండుగే. గుంటూరులో వేలాది మంది మహిళా కూలీలకు తొడిమలు తీసే పని దొరుకుతున్నది ఈ ఒక్క అవసరం వల్లనే. కాగా, కాయగానే చిల్లరకు అమ్ముకునే వర్తకుడికి తొడిమ ఉండాలి. అది ఊడితే ఆ రంధ్రం నుంచి గింజ రాలుతుంది. నిమ్ము, బూజు లోపలికి చేరతాయి. ఒకరికి వ్యర్థమైనది ఇంకొకరికి మూత.

చైనా కొనుగోళ్లు కూడా ఈ కోవలోనివే. తేజ రకానికి కొన్నేళ్లుగా చైనా పెద్ద ఖాతా. మరిగే పులుసు పాత్ర చుట్టూ కూర్చుని తినే అక్కడి హాట్‌పాట్ వంటకాలకు, సారం తీసే కర్మాగారాలకు ఘాటైన సరుకు కావాలి. ఖమ్మం మార్కెట్టులో తేజ ధర అక్కడి ఆర్డర్ల వైపు చూస్తూ కదలడానికి ఇదే కారణం. ఒక పెద్ద ఖాతాను నమ్ముకోవడంలో ఉన్న ప్రమాదం కూడా ఇదే. ఆ ఖాతాదారు ఒక నెల చేతులు ముడుచుకుంటే తేజకు సరితూగే మరో గిరాకీ వెంటనే దొరకదు. ఆవకాయకు తేజ పోదు కదా.

ఎరుపు అడిగినవారికి విషం

కొనుగోలుదారు కోరికను గమనించి, అవసరాన్ని గమనించకపోతే ఏమవుతుందో మిర్చి వ్యాపారం 2003లో తెలుసుకున్నది. ఆ ఏడాది మే నెలలో ఫ్రాన్సులో, భారత్ నుంచి వెళ్లిన మిర్చి సరుకులో సుడాన్-1 అనే రంగు బయటపడింది. మైనాలకు, బూటు పాలిష్‌లకు వాడే పారిశ్రామిక రంగు అది. కేన్సరు కారకమన్న అనుమానంతో ఆహారంలో ఎక్కడా అనుమతించరు. ఐరోపా సంఘం జూన్ 20న అత్యవసర ఉత్తర్వు జారీ చేసి, ఆ రంగు లేదని ధ్రువపత్రం ఉంటే తప్ప మిర్చి దిగనివ్వబోమన్నది.

అంతటితో అయిపోలేదు. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక సాస్‌లో వాడిన మిరపపొడిలో అదే రంగు దొరికింది. ఆ సాస్ మరెన్నో వంటకాల్లో కలిసి ఉండడంతో వందలాది రకాల ఆహార పదార్థాలను దుకాణాల బల్లల మీద నుంచి వెనక్కి తీయవలసి వచ్చింది. పొడిలో ఆ రంగు కలిపినవారు మిగుల్చుకున్నది బహుశా కిలోకు కొద్ది రూపాయలు. అది కలిసిన సరుకులకు పడిన నష్టం కోట్ల పౌండ్లలో లెక్కకు వచ్చింది. ఏ పాపం ఎరుగని వర్తకుల సరుకు కూడా రేవుల్లో పరీక్షల కోసం నిలిచింది.

రంగు కలిపినవారు కొనుగోలుదారు మాట విననివారు కారు. బాగానే విన్నారు. ఎర్రగా ఉండాలన్నాడు, ఎర్రగా చేశారు. ఆ ఎరుపు కాయ నాణ్యతకు గుర్తు గనుకనే అతను అడుగుతున్నాడన్నది మాత్రం వారికి పట్టలేదు, లేదా పట్టించుకోలేదు. ఆ తరువాతనే సుగంధ ద్రవ్యాల బోర్డు ఎగుమతి మిర్చికి సుడాన్ పరీక్ష, అఫ్లాటాక్సిన్ పరీక్ష తప్పనిసరి చేసింది. గుంటూరులో బోర్డు ప్రయోగశాల కూడా ఉన్నది.

ఈ అఫ్లాటాక్సిన్ వ్యవహారం వర్తకులు ఇంకా శ్రద్ధ పెట్టవలసినది. అది బూజు నుంచి పుట్టే విషం. ఐరోపా సంఘం మిర్చిలో దీన్ని మొత్తం మీద కిలోకు 10 మైక్రోగ్రాములకు మించి ఒప్పుకోదు. అంటే వంద టన్నుల సరుకులో ఒక గ్రాము! కంటికి గాని, ముక్కుకు గాని తెలిసే మోతాదు కాదు. టిక్కీ తొక్కేటప్పుడు కాయ విరగకుండా నీళ్లు చిలకరించడం కొన్నిచోట్ల పాత అలవాటు. కాస్త తూకం కూడా కలిసి వస్తుందన్న ఆశ లేకపోలేదు. కాయలో తేమ 11 శాతం దాటితే బూజుకు తలుపు తీసినట్టే. కల్లంలో మట్టి మీద ఆరబోసిన కాయకు, పరదాల మీద ఆరిన కాయకు యార్డులో ధర తేడా కొద్దిగానే కనిపించవచ్చు. రేవులో పరీక్ష దగ్గర ఆ తేడా కొద్దిది కాదు. మొత్తం కంటెయినర్ వెనక్కి రావచ్చు.

పురుగుమందుల అవశేషాల విషయంలో కొందరు ఎగుమతిదారులు ఇప్పటికే దారి మార్చారు. యార్డులో దొరికినది కొని తరువాత పరీక్షించే బదులు, ఏ మందు ఎప్పుడు కొట్టాలో రైతుకే ముందు చెప్పి, పొలం దగ్గరే మార్కెట్టు కంటే ఎక్కువ ధరకు కొంటున్నారు. యార్డుకు రాని ఈ సరుకు గురించి కమీషన్ ఏజెంట్లలో అసంతృప్తి సహజమే. అయితే విదేశీ ఖాతాదారు అడిగే పూచీని యార్డు ఇవ్వలేకపోయినప్పుడు అతను పొలానికే పోతాడు.

టన్నులు పెరిగాయి, డబ్బు తగ్గింది

2023-24లో దేశం నుంచి సుమారు 6 లక్షల టన్నుల మిర్చి ఎగుమతి కాగా, రూ. 12 వేల కోట్లకు పైగా వచ్చింది. 2024-25లో ఎగుమతి 7 లక్షల టన్నులు దాటింది. వచ్చిన డబ్బు మాత్రం అంతకు ముందు సంవత్సరం కంటే తగ్గింది. ఆ సీజన్‌లో యార్డులో ధరలు పడిపోయి రైతులు ఆందోళనకు దిగగా, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలు రూ. 11,781 ధర నిర్ణయించింది.

ఇక్కడ నింద రైతు మీదకు తోయడం పరిపాటి. 2021-22లో నల్ల తామర పురుగు పంటను ఊడ్చి వేసినప్పుడు ధరలు ఆకాశానికి ఎక్కాయి. ఆ ధర చూసి అందరూ మిర్చే వేశారని అంటారు. అది నిజమే గాని సగం నిజం. నిరుటి ధర నిరుటి ఖరీదుదారు అవసరాన్ని చెబుతుంది. వచ్చే ఏడాది ఘాటు ఎంత కావాలి, రంగు ఎంత కావాలి అన్నది పల్లెలో ఎవరికీ తెలియదు. తెలిసే అవకాశం ఉన్నది కొచ్చికి, ముంబయికి, చైనాకు సరుకు పంపే వర్తకుడికే. ఆ సమాచారాన్ని ఆయన తన వ్యాపార రహస్యంగా దాచుకుంటున్నాడు. జూన్, జూలై నెలల్లో విత్తనం కొనే రైతుకు ఆ కబురు చేరితే, ఫిబ్రవరిలో తన అడితి ముందు ఎవరికీ అక్కరలేని టిక్కీలు గుట్టపడవు. ఇందులో దానధర్మం ఏమీ లేదు. అమ్ముడుపోని సరుకు మీద కమీషన్ రాదు.

బ్రోకర్లలో కొందరు ఈ పనిని తమ పరిధిలో చేస్తూనే ఉన్నారు. ఒక్కో ఖాతాదారు పేరు కింద అతను గత మూడు, నాలుగేళ్లలో ఏ రకం, ఏ నెలలో, తొడిమతోనా తొడిమ లేకుండానా, ఎంత తేమకు కొన్నాడు, ఏ లాటును ఏ కారణంతో తిరగ్గొట్టాడు అని రాసి ఉంచుకుంటారు. తిరగ్గొట్టిన లాట్ల పద్దే అన్నిటికన్నా విలువైనది. కొన్న సరుకు కొనుగోలుదారు సర్దుకున్నది కూడా కావచ్చు. వద్దన్న సరుకు దగ్గర అతను దాపరికం లేకుండా మాట్లాడతాడు.

ఇప్పుడు మచ్చుకు బదులు సెల్‌ఫోనులో ఫోటో పంపి బేరం తేల్చడం ఎక్కువైంది. రంగు ఖరీదుదారు దగ్గర అది కొంతవరకు నడుస్తున్నది. అయినా దీపం వెలుతురులో తీసిన ఫోటో మీద తగాదాలు తప్పడం లేదు. ఘాటు ఖరీదుదారు మాత్రం ఫోటో చూసి ధర చెప్పడు. కిలో సరుకు పార్సెలు చేయండి, ప్రయోగశాల చీటీ వచ్చాక మాట్లాడదాం అంటాడు.